కండొనేషన్ మేడం పరామర్శ

తిరుమలగిరి దాటి కొంచెం ముందుకెళ్తే వచ్చే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రేమమణి గారి అసలు పేరు చాలామందికి తెలీదు. ఆవిడ కండొనేషన్ మేడం. అంతే. కొత్తగా చేరిన పిల్లలకి లైబ్రరీ ఎక్కడుందో తెలియడానికి ఏడాది పట్టొచ్చు గానీ, కింది అంతస్తులో చివరి కిటికీ వెనక కళ్ళజోడు ముక్కు కొసకి దింపుకుని కూర్చునే ఆవిడెవరో మాత్రం మొదటి సెమిస్టర్ సగంలోనే తెలిసిపోతుంది.

ఇంజనీరింగ్ గొడవ తెలియని వాళ్ళకి ఈ కండొనేషన్ సంగతి చెప్పాలి. హాజరు నూటికి డెబ్బై ఐదు ఉండాలి. అరవై ఐదు కన్నా తగ్గిందా, ఇక ఎవరొచ్చి చెప్పినా లాభం లేదు, డిటెయిన్, ఏడాది పోయినట్టే. ఈ రెండింటి మధ్యలో ఇరుక్కున్న వాళ్ళని మాత్రం, సరైన కారణం ఉంటే, కాలేజీ క్షమించి పరీక్షకి కూర్చోబెట్టొచ్చు. అలా చూసీ చూడనట్టు క్షమించేయడాన్నే ఇంగ్లీషులో కండోన్ చేయడం అంటారు. బయట ప్రపంచంలో ఆ మాట ఎవరు వాడతారో ఏమో గానీ, మన పిల్లల నోట్లో అది ఛాయ్, సమోసా అంత మామూలు మాట. "అరే, నీకు కండొనేషన్ వచ్చిందారా?" అని క్యాంటీన్‌లో ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటారు.

మరి కారణం సరైనదో కాదో ఎవరు తేలుస్తారు? కాగితం మీద ప్రిన్సిపల్. అసలు తేల్చేది మాత్రం ప్రేమమణే. అప్లికేషన్ అడుగున ఆవిడ ఒక ముక్క రాస్తుంది, దాని కింద ప్రిన్సిపల్ హరికిషన్ గారు ఫోన్‌లో మాట్లాడుతూనే సంతకం గీకేస్తారు.

ప్రేమమణిది నరసాపురం. వాళ్ళ నాన్నగారు మిషన్ స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. అన్నం దగ్గర కూడా పిల్లల్ని వదిలేవారు కాదు, ఏ క్రియ పక్కన ఏ ప్రిపోజిషన్ వస్తుందో చెబితేనే పెరుగు. పెళ్ళయి సికింద్రాబాద్ వచ్చాక, భర్త యేసురాజు ప్రింటింగ్ ప్రెస్ జీతం చాలక ఈ కాలేజీలో టైపిస్టుగా చేరింది. పిల్లలు పెరిగారు, నేరేడ్‌మెట్‌లో రెండు గదుల ఇల్లు లేచింది, టైపిస్టు సూపరింటెండెంట్ అయింది. ఇన్నేళ్ళలో ఆవిడ టైపు చేసిన సర్క్యులర్‌లో ఒక్క తప్పు ఎవరూ పట్టుకోలేదు. పైగా లెక్చరర్లు రాసిన వాటిని ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపేది. ఆ గర్వం ఆవిడకి కాస్త ఉంది. ఉండకూడదనేం లేదు.

ఇంకో విద్య కూడా ఉంది. దొంగ మెడికల్ సర్టిఫికెట్‌ని వాసన చూసి చెప్పగలదు. వానలు వెనకబడగానే కాలేజీకి డెంగీ వస్తుంది, పండగ సెలవులు అవగానే టైఫాయిడ్. ఒకే డాక్టరు, ఒకే పెన్ను, ఒకే రోజు పదిమంది రోగులు. అన్నీ తెలుసు. తెలిసీ పంపించేస్తుంది. ఎందుకంటే కాగితం ఉంది. కాగితం ఉన్నాక మనకెందుకు?

ఆ నవంబరులో ఈ కిటికీ ముందుకి భవాని వచ్చింది. థర్డ్ ఇయర్ ఈసీఈ. లాల్‌బజార్‌లో మిలిటరీ వాళ్ళ యూనిఫాంలు కుట్టే లక్ష్మణ్ కూతురు.

"మేడం, నాది అరవై ఆరున్నది. కండొనేషన్ కావాలె," అంది.

"మెడికల్ ఏది?"

భవాని ఒక లావుపాటి ఫైలు లోపలికి తోసింది. స్కానింగులు, రక్తపరీక్షలు, ఎన్నెన్నో. ప్రేమమణి పైకాగితం చూసింది. "ఇందులో లక్ష్మణ్ అని ఉందేంటి?"

"మా నాయిన మేడం. లివర్ ఖరాబైంది. దవాఖానల ఉన్నడు. మా అమ్మకు చదువు రాదు, డాక్టర్లు చెప్పేది సమజ్ గాదు. నేనే ఉండాల్సి వస్తుంది."

"నీకేం జబ్బు లేదుగా?"

"నాకేంది మేడం, నేను మంచిగనే ఉన్న."

"అయితే కుదరదమ్మా. జబ్బు నీకుండాలి. మీ నాన్నగారికి కాదు."

వెనక లైన్లో ఉన్న కుర్రాడొకడు పకపకా నవ్వాడు. "అరే పాగల్, డెంగీ వచ్చిందని రాయించుకొస్తే అయిపోతుండె గదనే! గింత పెద్ద ఫైలెందుకు మోసుకొచ్చినవ్?"

భవాని వాడివైపు తిరిగింది. "నాకు రాని బీమారి వచ్చిందని నేనెట్ల రాయిస్తరా?" అంది. తగవు పెట్టుకున్నట్టు కాదు, నిజంగానే అర్థంకాక అడిగినట్టు అడిగింది.

ప్రేమమణి ఆ అప్లికేషన్ అడుగున 'నాట్ రికమెండెడ్' అని రాసి పక్కన పెట్టింది. తర్వాత నవ్విన కుర్రాడే వచ్చాడు. వాడి చేతిలో టైఫాయిడ్ సర్టిఫికెట్, ఇంకో చేతిలో సగం తిన్న మిర్చి బజ్జీ. "ఇప్పుడెలా ఉంది నాయనా?" అంది ప్రేమమణి వెటకారంగా. "ఏదో గట్లనే ఉన్నది మేడం," అని వాడు ఒక దగ్గు దగ్గాడు. టైఫాయిడ్‌కి దగ్గేంటి! ఆవిడకి నవ్వొచ్చింది. వాడి కాగితం మీద 'రికమెండెడ్' అని రాసేసింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. రూల్సులో 'సొంత జబ్బు' అన్న మాట ఎక్కడా లేదు. సరైన కారణం అని మాత్రమే ఉంది. ఎప్పుడో ఒకసారి లైను గేటు దాకా పెరిగినప్పుడు, త్వరగా తెమిలిపోవాలని ప్రేమమణే గీసుకున్న గీత అది. ఏళ్ళు తిరిగేసరికి గీత కాస్తా గోడైంది. గోడ కట్టిందెవరో ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలీదు.

రెండు వారాలు తిరక్కుండానే, ఒక ఆదివారం పొద్దున్న హరికిషన్ గారు ఫోన్ చేశారు. "ప్రేమమణి గారూ, ఈసీఈ థర్డ్ ఇయర్ భవాని లేదూ, వాళ్ళ ఫాదర్ నిన్న ఎక్స్‌పైర్ అయ్యారట. పిల్లలు కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు. కాలేజీ తరఫున మంచి ఇంగ్లీషులో అందులోనే ఒక మెసేజ్ కొట్టేయండి. మీకైతే రెండు నిమిషాల పని."

ప్రేమమణి చీర కుచ్చిళ్ళు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఫైలు గుర్తొచ్చింది. ఆ ఫైల్లో మనిషి ఎంత జబ్బులో ఉన్నాడో తను ఒక్క కాగితమైనా తిప్పి చూడలేదని గుర్తొచ్చింది. కింద వీధిలో యేసురాజు స్కూటర్ హారన్ మీదున్న వేలు తియ్యడం లేదు.

"మణీ! మొదటి పాట అయిపోతోంది! నువ్వెళ్ళేసరికి పాస్టరు గారు దీవెన చెప్పేస్తారు!"

"వస్తున్నానండీ, ఒక్క నిమిషం! అరవకండి!"

మెట్లు దిగుతూ బొటనవేలితో కొట్టింది. ది ప్రిన్సిపల్, స్టాఫ్ అండ్ స్టూడెంట్స్, అక్కడి దాకా వేలికి అలవాటే. ఆ తర్వాత రావాల్సిన మాటా అలవాటైన దారిలోనే వచ్చి పడింది. ది డెత్ ఆఫ్ శ్రీ లక్ష్మణ్, ఫాదర్ ఆఫ్ మిస్ భవాని, థర్డ్ ఇయర్ ఈసీఈ. పంపేసింది. ఫోన్ సైలెంట్‌లో పెట్టి స్కూటర్ ఎక్కింది.

ఆ రోజు పాస్టరు గారు కనికరం మీద చెప్పారు. కనికరం అంటే మనసులో జాలిపడి ఊరుకోవడం కాదు, లేచి ఎదుటివాడి దగ్గరికి నడిచి వెళ్ళడం అన్నారు. ప్రేమమణి పాటల పుస్తకం అంచుని గోటితో గీరుతూ కూర్చుంది.

గుడి బయటికొచ్చి ఫోన్ చూస్తే దండిగా మెసేజ్‌లు. భవాని కూడా పెట్టింది, 'థాంక్యూ మేడం' అని, పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ. పాపం, ఇంత దుఃఖంలో ఎంత మర్యాద అనుకుంది. దాని కిందే కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. చావు కబురు కింద నవ్వేంటి ఈ వెధవలకి? అంతలో ఆఫీసులో తన కింద పనిచేసే హేమచంద్ర ఫోన్ చేశాడు.

"మేడం, పరేషాన్ గాకున్రి. జెర గ్రూప్‌ల మీ మెసేజ్ మల్ల ఒకసారి చదువున్రి."

చదివింది. "ఏముంది? బానే ఉందిగా."

"కండోల్ గద మేడం రావాల్సింది?"

"అవును, కండోలే పెట్టాను."

"మీరు కండోన్ అని పెట్టిన్రు."

ప్రేమమణి మళ్ళీ చదివింది. ఈసారి కనిపించింది. ప్రిన్సిపల్, స్టాఫ్, విద్యార్థులు అందరూ కలిసి లక్ష్మణ్ చావుని కండోన్ చేశారు. పర్లేదులే పోనీ, చచ్చిపోతే చచ్చిపోయాడు, క్షమించాం అన్నట్టు. సంతాపం చెప్పే కండోల్‌లో ఎల్ ఉండాల్సిన చోట ఎన్. ఎన్నేళ్ళుగా చేతికి పట్టిన మాట!

"పోరగాండ్లు స్క్రీన్‌షాట్లు దీసిన్రు మేడం," అన్నాడు హేమచంద్ర నసుగుతూ. "ఏమంటున్రంటే... చెప్పాల్నా?"

"చెప్పు."

"మేడం అటెండెన్సును కండోన్ చెయ్యదు గాని, సావును చేస్తదంట."

ఆవిడ చెవులు భగ్గుమన్నాయి. అక్కడే, గుడి ప్రహరీకి ఆనుకుని మెసేజ్ తీసేసి, సరిచేసి మళ్ళీ పెట్టింది. గుడి మెట్ల మీద ఎవరో ప్రెయిజ్ ద లార్డ్ అక్కా అంటే బదులు కూడా చెప్పలేదు.

"తప్పే గానీ, దిద్దుకున్నావుగా. ఇంటికి పోదాం పద, చేపలు కొందాం," అన్నాడు యేసురాజు.

"లాల్‌బజార్ పోనివ్వండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఆలస్యమైతే నాకు ధైర్యం చాలదు."

లక్ష్మణ్ ఇల్లు, దుకాణం ఒకటే. ముందు షట్టరు, వెనక ఒకటిన్నర గది. ఇంటి ముందు టెంటు, దాని కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. ప్రేమమణి లోపలికి అడుగు పెట్టగానే భవాని వాళ్ళమ్మ ఆండాలు లేచొచ్చి రెండు చేతులూ పట్టేసుకుంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"నీ కడుపు సల్లగుండ మేడం! నా బిడ్డ సాలు గాపాడినవ్."

సాలంటే ఏడాదని తెలుసు గానీ, తనేం కాపాడిందో ప్రేమమణికి అర్థంకాలేదు. భవాని వైపు చూసింది.

"పొద్దున మెసేజ్ జూసిన మేడం," అంది భవాని. కళ్ళు ఉబ్బి సన్నగా అయిపోయి ఉన్నాయి. "కండోన్ చేసినమని కాలేజీ తరఫుకెల్లి పెట్టిన్రు గద. నా పేరు సుత ఉన్నది. అమ్మకు చదివి చెప్పిన. అటెన్క ఫోన్ పక్కకు పడేసిన."

సరిచేసిన మెసేజ్ ఈ పిల్ల చూడలేదు. ఆ 'థాంక్యూ' పరామర్శకి కాదు.

"ఆఖరి దాంక గదే రంది ఆయనకు," ఆండాలు చేతులు వదలకుండా చెబుతోంది. "నా తక్లీఫుకు బిడ్డ సాలు పోయెనాయె అని ఒక్కటే మాట. ఇయ్యాల పొద్దుగాల ఫోటో ముందట చెప్పినం, అయ్యింది, రంది వెట్టుకోకు అని."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచింది. గోడకి కొత్త ఫోటో, దండ, దీపం. నోరు మూసుకుంది. ఎవరో గ్లాసుతో నీళ్ళిచ్చారు, తాగింది. కాసేపు కూర్చుంది. చావింటి నుంచి 'వెళ్ళొస్తాను' అని చెప్పి బయల్దేరకూడదు కదా, చెప్పకుండా లేచి వచ్చేయాలి. ఆ ఆచారం ఆ పూట ఆవిడకి దొంగదారిలా పనికొచ్చింది.

స్కూటర్ మీద చాలా దూరం వచ్చాక యేసురాజు అడిగాడు. "చెప్పావా?"

"లేదు."

"మరి?"

"చెప్పక్కర్లేకుండా చేస్తాను. రేపు ప్రిన్సిపల్‌తో మాట్లాడి నిజంగానే కండోన్ చేయించేస్తే, ఇక అది అబద్ధం ఎలా అవుతుంది?"

యేసురాజు చేపల దుకాణం దగ్గర కూడా ఆపలేదు.

సోమవారం హరికిషన్ గారు సంగతంతా విని ముందు నవ్వారు, తర్వాత తల పట్టుకున్నారు. "డిటెయిన్ లిస్టు బుధవారం యూనివర్సిటీకి వెళ్ళిపోవాలండీ. అరవై ఆరు ఉంది కాబట్టి చెయ్యొచ్చు, కాదనను. కానీ మీరే నాట్ రికమెండెడ్ రాశారు. ఇప్పుడు ఫాదర్ జబ్బు అని మార్చామనుకోండి, మిగతావాళ్ళు మా సంగతేంటని నా గదిలో ధర్నాకి కూర్చుంటారు. సింపుల్‌గా తేల్చేద్దాం. ఆ అమ్మాయికి జాండిస్ వచ్చిందని ఒక సర్టిఫికెట్ తెప్పించండి. కొత్త అప్లికేషన్ మీద ఆ అమ్మాయి సంతకం. ఖతం. మీకు తెలియని పనా ఇది?"

నిజమే, తెలియని పని కాదు. మధ్యాహ్నానికల్లా హేమచంద్ర ఎక్కడి నుంచో సర్టిఫికెట్ పట్టుకొచ్చాడు. ఆ డాక్టరు చేతిరాతని ప్రేమమణి చీకట్లో కూడా గుర్తుపడుతుంది. మొదటిసారి దాన్ని చూస్తే ఆవిడకి వెగటు పుట్టింది. అయినా మడిచి బ్యాగులో పెట్టుకుని లాల్‌బజార్ ఆటో ఎక్కింది.

దుకాణం షట్టరు సగం పైకెత్తి ఉంది. లోపల భవాని కుట్టిన యూనిఫాంల దొంతరలో వెతుకుతోంది. బయట ఒక జవాను టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. భవాని ఒక షర్టు వెతికి తీసి అతనికిచ్చింది. అతను తల వంచి వెళ్ళిపోయాడు.

"కూసోండ్రి మేడం," అని కుట్టుమిషన్ ముందున్న స్టూలు చూపించింది. ప్రేమమణి ఆ స్టూలు ఎవరిదో తలుచుకుని కూర్చోలేకపోయింది.

"భవానీ, ఒక మాట చెప్పాలమ్మా. నీకు కండోన్ అవలేదు."

"గ్రూప్‌ల పెట్టిన్రు గద మేడం?"

"అది తప్పు. కండోల్ అని కొట్టబోయి కండోన్ అని కొట్టాను. తర్వాత మార్చాను, నువ్వు చూడలేదు. నిన్న మీ అమ్మగారు చేతులు పట్టుకున్నప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు."

భవాని యూనిఫాంల దొంతర పక్కకి జరిపింది. "కండోల్ అంటే ఏంది మేడం?"

నాన్నగారి పాఠం దానంతట అదే బయటికొచ్చింది. "కండోన్ అంటే తప్పు చేసినవాళ్ళని పైనున్నవాళ్ళు క్షమించడం. కండోల్ అంటే దుఃఖంలో ఉన్నవాళ్ళతో కలిసి కూర్చుని దుఃఖపడ్డం. పేపర్లవాళ్ళు ఎలాగైనా రాసేస్తారు గానీ, దాని పక్కన విత్ రావాలని మా నాన్నగారు చెప్పేవారు. 'తో' లేకుండా ఆ మాట నిలబడదని. ఎవరితోనో కలిసి చేసే పని అది."

"మరి గది మాతోటి చేసిన్రా మేడం?"

ప్రేమమణి బ్యాగు పట్టీ సర్దుకుంది.

"మొదటిది చెయ్యలే," అంది భవాని. గొంతు పెంచలేదు. "రెండోది సుత చెయ్యలే. మరి ఏం జేసినట్టు మీరు?"

రోడ్డు మీద ఆర్మీ ట్రక్కు ఒకటి పోయింది. షట్టరు గడగడలాడి ఆగింది. ప్రేమమణి బ్యాగులోంచి కాగితం తీసింది. తీస్తున్నప్పుడే తీయకూడదని తెలుసు, అయినా చేతికి ఇంకో పని తోచలేదు. "ప్రిన్సిపల్ గారు ఒక దారి చెప్పారమ్మా. నువ్వు ఇక్కడ సంతకం పెడితే చాలు, నీ ఏడాది నిలబడుతుంది."

భవాని చదివింది. "కామెర్లా?"

"ఊరికే, కాగితం కోసం."

"కామెర్లు మా నాయినకు అయినయ్ మేడం. కండ్లు, గోర్లు అన్నీ పచ్చగయినయ్. నేను పక్కన కూసోని చూసిన. గవి నాకొచ్చినయని నేనెట్ల సంతకం వెడ్త?" కాగితం తిరిగిచ్చేసింది. "సాలు పోతే పోనీ. మల్ల చదువుకుంట."

లోపల్నుంచి ఆండాలు గొంతు వినిపించింది. "ఎవలొచ్చిన్రు బిడ్డా?"

"కాలేజీ మేడమొచ్చిందే అమ్మా!"

"అయ్యో, కూసోమను, ఛాయ్ వెడ్త!"

భవాని గొంతు తగ్గించి, "అమ్మకు నేనే మెల్లగ చెప్త మేడం. మీరేం చెప్పకున్రి," అంది. తిట్టి ఉంటే ప్రేమమణికి కాస్త తేలిగ్గా ఉండేది. ఆ పిల్ల తననే కాపాడుతోందనిపించి తల దించుకుంది.

కాలేజీకి తిరిగొచ్చేసరికి హరికిషన్ గారు కారెక్కబోతున్నారు. డ్రైవర్ తలుపు తీసి పట్టుకున్నాడు. ప్రేమమణి భవాని పాత అప్లికేషన్‌నే ఆయన ముందు పెట్టింది. 'నాట్ రికమెండెడ్' కొట్టేసి ఉంది. దాని కింద, తండ్రి జబ్బుగా ఉంటే కూతురు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది, ఇది సరైన కారణమే, మొదట నేను తప్పుగా రాశాను అని రాసి, పేరు పెట్టి సంతకం చేసింది.

"జాండిస్ ఏమైందండీ?"

"జాండిస్ ఆ పిల్లకి రాలేదు సార్."

"అది నాకూ తెలుసు! ప్రేమమణి గారూ, ఇంత సర్వీసులో మీరు తప్పు రాశానని ఎక్కడైనా రాశారా? రేపు మేనత్తకి బాలేదని ఒకడొస్తాడు."

"వస్తే కూర్చోబెట్టి అడుగుతాను సార్, ఏం జబ్బు, ఎవరు చూసుకుంటున్నారు అని. ఇన్నాళ్ళూ అడగలేదు. నిజానికి రూలు అడగొద్దని ఎక్కడా చెప్పలేదు. ఆ గీత నేనే గీశాను."

"అంటే ఇదివరకు మీరు వెనక్కి పంపినవాళ్ళందరూ?"

ఆ ప్రశ్న ప్రేమమణి ఆటోలోనే వేసుకుంది. ఎంతమందో గుర్తులేదు. మొహాలు కూడా గుర్తులేవు. కిటికీలోంచి చేతులే కనిపిస్తాయి, మొహాలు చూడాలంటే వంగాలి. "వాళ్ళకి ఇప్పుడు నేనేం చెయ్యలేను సార్," అంది.

హరికిషన్ గారు కారు బానెట్ మీద కాగితం పెట్టి సంతకం చేశారు. మొదటిసారి చదివి చేశారు. "ఒకసారి బీపీ చూపించుకోండి," అని కారెక్కారు.

సాయంత్రం భవానికి ఫోన్ చేసి చెప్పింది. "ఈసారి నిజంగానే అయిందమ్మా. మీ నాన్నగారి జబ్బనే రాశాను." "సరే మేడం," అంది భవాని. థాంక్యూ అనలేదు. ఎందుకంటుంది?

పని జరిగిపోయింది కదా, మనసు కుదుటపడాలి. పడలేదు. నెలాఖరుదాకా ప్రేమమణికి అన్నం సయించలేదు. యేసురాజు చేపల పులుసు తనే వండి ముందు పెట్టి, "ఏడాది నిలబెట్టావుగా ఆ పిల్లకి, ఇంకేంటి మణీ?" అన్నాడు. "నేను పడగొట్టిందే కదండీ నేను నిలబెట్టింది," అందావిడ.

హాల్‌టికెట్లు ఇచ్చే రోజు వచ్చింది. లైను గేటు దాకా ఉంది. భవాని లైన్లో ఉందని ప్రేమమణి దూరం నుంచే చూసింది. పొద్దుటినుంచి ఒక మాట తయారు చేసుకుంటోంది, నన్ను క్షమించమ్మా అని. కానీ తీరా ఆలోచిస్తే, అది కూడా తన బరువు ఆ పిల్ల నెత్తిన పెట్టడమే. తండ్రి పోయిన పిల్ల చేత తనే కండోన్ చేయించుకోవడం. ఆ మాట మింగేసింది.

భవాని కిటికీ దగ్గరికి వచ్చింది. "సంతకం యాడ పెట్టాలె మేడం?"

వేలితో చోటు చూపించింది. భవాని సంతకం పెట్టింది. హాల్‌టికెట్ అందుకుని పక్కకి తప్పుకోబోయింది. ప్రేమమణి కిటికీలోంచి మొహం కనపడేలా వంగింది.

"భవానీ, మీ నాన్నగారు ఎలాంటి మనిషమ్మా?"

భవాని అనుమానంగా చూసింది. "ఎందుకు మేడం?"

"ఎందుకూ లేదు. ఆయన ఫైలు నా చేతికిచ్చావు. నేను చూడలేదు. ఆయన గురించి నీ నోట వినాలనుంది. నీకిష్టం లేకపోతే చెప్పొద్దు."

"మేడం, జల్దీ!" వెనక నుంచి ఎవడో అరిచాడు. "బస్ పోతది మేడం!" ప్రేమమణి అటు చూడలేదు. పక్క టేబుల్ దగ్గరున్న హేమచంద్రకి టికెట్ల కట్ట జరిపి, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది.

భవాని హాల్‌టికెట్ అంచు మడిచింది, విప్పింది. లైను విసుక్కుంటూ హేమచంద్ర వైపు వంగింది.

"ఊకె నవ్వుతుండె మేడం," అంది చివరికి, నేల చూస్తూ. "ఎవలన్న ఆఫీసర్‌కు ప్రమోషన్ వస్తే కొత్త స్టార్లు కుట్టనీకి మా దగ్గరికే తెచ్చేటోళ్ళు. కుట్టే ముందుగాల్ల గవి తన భుజం మీద వెట్టుకొని అద్దంల చూసుకునేటోడు. నిక్కవొడిసి నిలవడి, తనకు తనే సెల్యూట్ కొట్టుకునేటోడు. మా అమ్మేమో, పొయ్యి మీద కూర మాడుతుంది కర్నల్ సాబ్, జెర సూడున్రి అని..."

నవ్వబోయింది. నవ్వు మధ్యలోనే విరిగింది. కిటికీ చువ్వని పట్టుకుంది. ప్రేమమణి చేయి చాపి ఆ వేళ్ళ మీద వేసింది.

"తర్వాత?" అంది.